కాల్షియం లేని నీళ్ళు

ఆదివారం పొద్దున్నే ఫెన్న సైకిల్ మీద వేడి రొట్టెలు తెచ్చుకుని అమ్మావాళ్ళింటికి వచ్చేసరికి వంటింటి బల్ల మీద కాఫీ, చీజు, చాక్లెట్ తురుము అన్నీ అమర్చి ఉన్నాయి. తండ్రి రైనౌట్ పళ్ళెం పక్కన ఆమె సిద్ధాంత గ్రంథం ఉంది. దాని అచ్చు వాసన ఇంకా పోలేదు.

"చదివావా నాన్నా?"

"నాలుగో అధ్యాయం దాకా," అన్నాడాయన తల ఎత్తకుండా.

తల్లి వీట్స్కె ఉడికిన గుడ్లు దించుతూ ఇద్దరి మొహాలూ చూసింది. "ముందు తినండి. చల్లారిపోతాయి."

"కోటు వెనక్కి పంపేశాను," అన్నాడు రైనౌట్.

ఫెన్నకి అర్థం కావడానికి క్షణం పట్టింది. వచ్చే గురువారం ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఆమె డాక్టరేట్ పరీక్ష. నలుగురిలో పండితులు ప్రశ్నలు వేస్తుంటే అభ్యర్థికి అటొకరు ఇటొకరు నల్లకోట్లలో నిలబడడం ఆనవాయితీ. ఒక పక్కన చెల్లెలు మారిట్. రెండో పక్కన అందరూ స్నేహితుల్ని పెట్టుకుంటారు, ఫెన్న నాన్నని అడిగింది. అడిగిన రోజు ఆయన చెవులదాకా ఎర్రబడిపోయి, ఆ సాయంత్రమే కోటు కొలతలివ్వడానికి బయల్దేరాడు.

రైనౌట్ కూడా జీవకణాల మీదే బతుకంతా పనిచేసి రిటైరైనవాడు. పక్కపక్క కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే చోటు ఉత్త జిగురేననీ, లాగినా దానికి తెలియదనీ, తెలిసేదంతా కణం కింది నేలని పట్టుకునే చోటేననీ ఒకప్పుడు రాశాడు. దాన్ని చాలామంది నమ్మారు. ఫెన్న సన్నని అయస్కాంతపు పూసలకి, కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే ప్రోటీనునే పూసింది. కణం ఆ పూసని పొరుగు కణమనుకుని పట్టుకుంది. అయస్కాంతంతో మెలితిప్పిన కొద్దీ, ఆ పట్టులో ముడుచుకుని ఉన్న ఒక అణువు విచ్చుకుని, సాయానికి మరికొన్ని అణువుల్ని అక్కడికి రప్పించుకుని, ఇంకా గట్టిగా పట్టుకుంది. లాగుడు ఆ చోటికి తెలుస్తోంది.

నాన్నకి ఎందుకు తెలియలేదో కూడా అందులోనే రాసింది. ప్రయోగానికి ముందు ఆయన కణాల్ని కాల్షియం లేని నీళ్ళతో కడిగేవాడు. కాల్షియం లేకపోతే ఆ ప్రోటీను పట్టు నిలుపుకోలేదు. వదులైపోయిన చేతుల్ని లాగి చూసి, వీటికి స్పర్శే లేదని తేల్చేశాడు.

"తప్పు తప్పే అని నువ్వే కదా నాన్నా నేర్పావు."

"తప్పు పట్టినందుకు కాదు." ఆయన చాకుని పళ్ళెం అంచున పెట్టాడు. "కడిగే నీళ్ళ సంగతి నేనెక్కడా రాయలేదు. నీకెవరు చెప్పారు?"

ఫెన్న కాఫీ కప్పు పక్కకి జరిపింది. "నువ్వే."

"ఎప్పుడు?"

"నీ పుట్టినరోజున. ఇక్కడే. కేకు తింటూ."

"అదీ! 'అప్పట్లో కణాల్ని దేనితో కడిగేవాళ్ళు నాన్నా' అని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అడిగావు. సీసాలు ఎక్కడ కొన్నామో కూడా వాగాను. నువ్వు వెళ్ళాక మీ అమ్మతో ఏమన్నానో తెలుసా? వీట్స్కె, చెప్పు."

"ఇప్పుడెందుకవన్నీ."

"చెప్పమంటున్నాను."

"'పిల్లకి నా పనంటే ఇష్టం' అన్నాడు," అంది వీట్స్కె గిన్నెలోకి చూస్తూ. "పక్కింటివాళ్ళకి కూడా చెప్పాడే."

"పిల్ల నా దగ్గర వాంగ్మూలం తీసుకుంటోందని తెలీక," అన్నాడు రైనౌట్.

"ముందే చెబితే నువ్వు నోరు విప్పేవాడివా?" ఫెన్న గొంతు లేచింది. "చదరంగంలో ఓడినా బల్ల వంకరగా ఉందంటావు!"

"అడిగి చూడాల్సింది."

వీట్స్కె మధ్యలోకి వచ్చింది. "పోనీ, అప్పట్లో సరైన పరికరాలు లేవని చెప్పు ఫెన్నా. నీ నోరేం అరిగిపోదుగా."

"పరికరాలు ఉన్నాయమ్మా. కాల్షియమే లేదు."

రైనౌట్ నవ్వాడు. ఆ నవ్వు వినడానికి బాగోలేదు. "గురువారం కూడా ఇలాగే చెప్పు. జనానికి నచ్చుతుంది." సగం తిన్న రొట్టె వదిలేసి తోటలోకి వెళ్ళిపోయాడు.

గురువారం ఫెన్న రెండో పక్కన ప్రయోగశాలలో తోటి ఉద్యోగి ఒకడు నిలబడ్డాడు. అమ్మా నాన్నా చివరి వరసలో కూర్చున్నారు. నాన్న వస్తాడని ఆమె అనుకోలేదు.

పాత ప్రయోగం ఎందుకు తప్పిందని పండితుల్లో ఒకావిడ, ఫెన్న అనుకున్న ప్రశ్నే వేసింది. ఫెన్న కాల్షియం సంగతి చెప్పింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఆ పాత వ్యాసంలో నీళ్ళ వివరం లేదే. మీకెలా తెలిసింది?"

ఫెన్న చివరి వరస వైపు చూడలేకపోయింది. "ఆ ప్రయోగం చేసినాయనే నాకు చెప్పారు. ఎందుకు అడుగుతున్నానో నేను ఆయనకి చెప్పలేదు. చెప్పి అడిగినా ఆయన నిజమే చెప్పేవారేమో. ఆ అవకాశం నేనివ్వలేదు. ఆయన తప్పు పొరపాటున జరిగింది. నాది తెలిసి చేసింది."

అంతలో సమయం ముగిసిందని చెప్పే ఉద్యోగి వచ్చి చేతికర్రతో నేలని కొట్టాడు.

పట్టా తీసుకున్నాక జనం వరస కట్టి, ఒక్కొక్కరే వచ్చి ఆమె బుగ్గల మీద ముద్దులు పెట్టి వెళ్తున్నారు. రైనౌట్ వంతు వచ్చింది. ఆయన చెయ్యి మాత్రం చాచాడు.

"అభినందనలు, డాక్టర్. మీరు బాగా సమాధానం చెప్పారు."

పుట్టినప్పటి నుంచి ఆయన ఏనాడూ ఆమెను మీరు అనలేదు. అంత కోపంగా తోటలోకి వెళ్ళిపోయిన రోజున కూడా అనలేదు. ఫెన్నకి కళ్ళ ముందు అంతా మసకబారింది.

"అలా అనకు నాన్నా. కావాలంటే తిట్టు."

"చాలు రైనౌట్," అంది వీట్స్కె, ఆయన చొక్కా చెయ్యి లాగుతూ.

"కోపం పోలేదు. పోయిందని అబద్ధం చెప్పను," అన్నాడు రైనౌట్. "కొంచెం సమయం ఇవ్వు."

అని ఫెన్న పట్టుకున్న చెయ్యి విడిపించుకుని జనంలోకి వెళ్ళిపోయాడు. ఇవ్వండి అనలేదు, ఇవ్వు అన్నాడు. వెనక వరసలో వాళ్ళు పూలతో ఎదురుచూస్తుంటే, ఆ ఒక్క మాటా పట్టుకుని ఫెన్న ఏడుస్తూ నిలబడిపోయింది.