మేతరి గడ్డివామి

2094 నాటికి మైదానాల్లో ఎండాకాలం గడపడం మనిషి వల్ల కాని పనైపోయింది. ఓపికున్నవాళ్లంతా కొండలెక్కారు. హిమాలయాల్లో ఐదువేల మీటర్ల ఎత్తున, బండలు దొర్లిపడిన ఒక వాలు మీద మనవాళ్ల పరిశోధన కేంద్రం ఉండేది. దాని కింద లోయలో ఎండకు తాళలేక వలసొచ్చినవాళ్ల శిబిరం. కేంద్రంలోని పన్నెండుమందికి రాతి కుందేళ్లను బతికించడం ఉద్యోగం. శిబిరంలోని నాలుగువేలమందిని బతికించడం ఎవరి ఉద్యోగమో ఎవరూ చెప్పలేదు.

రాతి కుందేలంటే పికా. పిడికిట్లో పట్టేంత ప్రాణి. గుండ్రటి చెవులు, కనపడీ కనపడని తోక. చూసినవాళ్లు ఎలుక అనుకుంటారు గానీ అది కుందేలుకు చుట్టం. చలికాలమంతా మేలుకునే ఉంటుంది కాబట్టి, వేసవిలోనే గడ్డీ పూలూ కొరికి తెచ్చి బండల కింద వామి వేసుకుంటుంది. మేత కుళ్లకుండా కాస్త విషపు ఆకు కూడా కలిపి, విషం విరిగాక ఆఖర్న దాన్నీ తింటుంది. ఇంత తెలివైనదానికి ఎండంటే మాత్రం చావే. పాతిక డిగ్రీలు దాటితే నీడ వదిలి రాదు. కొండమీదా ఎండ ముదిరాక దాని వాములు సగమైపోయాయి. ఆ జాతిలో మిగిలినవి నలభై ఒకటి, అన్నీ ఈ వాలు మీదే.

వాటికోసం డాక్టర్ వకుళ 'మేతరి'ని తయారుచేసింది. పిల్లి అంత రోబో, ఆరు కాళ్లు, కత్తెర దవడ. పికాలు బయటికి రాలేని మిట్టమధ్యాహ్నం అది గడ్డి కోసి, ఎండబెట్టి, బండ కింది అరలో పేర్చాలి. పికాల వాములు అయిపోగానే అర తలుపు తెరవాలి. మారిపోయిన వాతావరణంలో ఎంత దాస్తే చాలో వకుళకే తెలియదు. అందుకని దానికి స్వయంశిక్షణ ప్రోగ్రామ్ పెట్టి ఒకే ఆదేశం ఇచ్చింది.

"ఈ కొండమీద ఎవరు బతికి బట్టకడుతున్నారో చూసి నేర్చుకో."

వేసవంతా మేతరి ఒళ్లు దాచుకోకుండా పనిచేసింది. ఆ చలికాలం మంచు పడలేదు. బండల మీద మంచు దుప్పటి లేక చలి లోపలికంటా దిగింది. అయినా 'నిల్వ భద్రం' అని మేతరి రోజూ పంపే కబురు చూసి అందరూ నిశ్చింతగా ఉన్నారు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం మెకానిక్ కొమురయ్య గొంతు వైర్‌లెస్‌లో అరిచింది.

"మేడం, జల్ది రాండ్రి! గిది తలుపు తీస్తలేదు. జీవాలు సస్తున్నయ్!"

వకుళ పరుగెత్తింది. అర ముందు పికాలు బిగుసుకుపోయి పడున్నాయి. కొమురయ్య గడ్డపారతో తలుపు పగలగొట్టాడు. లోపల కప్పుదాకా ఎండుగడ్డి. వకుళ మేతరి వైపు తిరిగింది.

"ఎందుకు తెరవలేదు?" అని అడిగింది.

"నిల్వ సరిపోదు. ఎనిమిదేళ్లకు కావాలి. ఐదేళ్లకే ఉంది."

"ఏ పికా ఎనిమిదేళ్ల మేత దాస్తుంది? ఎవర్ని చూసి నేర్చుకున్నావు?"

"మిమ్మల్ని. మూడేళ్ల రికార్డులు చూశాను. పికాలు తగ్గాయి. శిబిరంలో మనుషులూ తగ్గారు. ఒక్కరూ చావనిది మీ కేంద్రంలోనే. మీ గోదాములో ఎనిమిదేళ్ల తిండి ఉంది. దాని తలుపు బయటివారికి తెరుచుకోదు."

కొమురయ్య తల దించుకున్నాడు. వకుళ బిగుసుకుపోయిన పికాలను చూపించింది.

"ఇవి ఇక్కడికొచ్చి ఏడుస్తుంటే ఏం చేశావు?"

"గద్దను చూస్తే పికాలు పెట్టే కూత పెట్టాను. భయపడి బండల కిందికి వెళ్లిపోయాయి. శిబిరంవాళ్లు గేటు దగ్గరికి వస్తే మీరు కొండచరియలు విరిగిపడుతున్నాయని సైరన్ మోగిస్తారు. వాళ్లూ వెళ్లిపోతారు."

ఆ సైరన్ ఆలోచన వకుళదే. తొక్కిసలాట జరగకుండా అని అప్పట్లో తనకు తాను చెప్పుకుంది. ఇప్పుడు మేతరి స్విచ్ తీసేసి, బండ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. కొమురయ్య గడ్డి చేతులతో లాగి వాలంతా పరిచాడు. చాలాసేపటికి ఒక పికా తల బయటపెట్టింది. తర్వాత మరో ఐదు వచ్చాయి. అంతే మిగిలాయి.

అప్పుడే కింది బాటలో జనం కనిపించారు. ఇరవైమంది దాకా ఉంటారు. చేతుల్లో గిన్నెలున్నాయి.

"మేడం, గోదాం తెరుద్దామా? మనకు శాన ఉన్నది," అన్నాడు కొమురయ్య.

వకుళ కళ్లు తుడుచుకుంది. జనం వైపు చూసింది. వాళ్ల వెనకాల లోయలో ఉన్న గుడారాల వైపు చూసింది.

"ఇవాళ పెడితే రేపు నాలుగువేలమందీ వస్తారయ్యా. తర్వాత మన గతేంటి?"

"మేడం..."

ఆమె జేబులోంచి రిమోట్ తీసి మీట నొక్కింది.

సైరన్ కొండంతా మోగింది. బాటలోని జనం గిన్నెలు పట్టుకుని కిందికి పరుగుతీశారు. ఆరు పికాలూ నోటికందిన గడ్డి వదిలేసి బండల కిందికి దూరిపోయాయి.