మలుపుల దగ్గర మంచు

బుధవారం పొద్దున ఏడు గంటలకు బెలాయిద్ వంటింటి బల్ల ముందు కూర్చుని పాలకాఫీలో రొట్టె ముంచుకుంటున్నాడు. అల్జీర్స్ ఊరి చివర బాష్‌జర్రాలో వాళ్లది నాలుగో అంతస్తు. లిఫ్టు చెడిపోయి ఎన్నేళ్లయిందో ఆ భవనంలో ఎవరికీ గుర్తు లేదు. పంపులో నీళ్లు వచ్చే వేళ కాబట్టి భార్య నువారా బకెట్లు నింపుతోంది. తల్లి మల్హా కిటికీ పక్క పరుపు మీద కూర్చుని, కుడి కన్ను వెలుగు వైపు తిప్పి ఉన్ని చిక్కు తీస్తోంది. ఎడమ కన్ను పోయి రెండేళ్లయింది. కుడి కన్ను కూడా వేసవి దాటదని డాక్టరు కిందటి వారం చెప్పాడు. చెప్పి, తర్వాతి మనిషిని లోపలికి పిలిచాడు.

కూతురు తిజిరి కాలేజీ సంచి పక్కన పెట్టి, తండ్రి కాఫీ గిన్నె ముందు ఒక కాగితం పరిచింది.

"శుక్రవారం పొద్దున ఆరింటికి బయల్దేరతాం. తొమ్మిదిన్నరకల్లా జుర్జురా పార్కు. మంచు చూస్తాం, దేవదారు చెట్ల కింద తింటాం, కోతులకి రొట్టె పెట్టొద్దని నానమ్మకి పదిసార్లు చెబుతాం. రాత్రికి తిక్‌జ్దాలో హోటల్ గది. శనివారం సాయంత్రానికి మళ్లీ ఈ బకెట్ల దగ్గరికే."

"నా రొట్టె పెట్టకపోతే కోతులే నన్ను తిడతాయే పిల్లా" అంది మల్హా. ఆవిడ మొహం వెలిగింది. "ఈ కన్ను ఉండగానే ఒకసారి కొండ చూపించండర్రా. తర్వాత మీరు ఏ గోడ చూపించి కొండన్నా నమ్ముతాను."

బెలాయిద్ తలెత్తలేదు. "కారు అంత ఎత్తు ఎక్కదు."

"మొన్ననే కదా నాన్నా, మెకానిక్ దగ్గర్నుంచి తెచ్చి గుర్రంలా ఉందన్నావు?"

"టైర్లకి గొలుసులు లేవు. మంచులో జారితే?"

"స్నేహితురాలి అన్న దగ్గరున్నాయి. అడిగేశాను."

"మీ నానమ్మ మోకాళ్లు?"

"కార్లో కూర్చునేది మోకాళ్ల మీద కాదు కదరా" అంది మల్హా. "కూర్చునే భాగం ఇంకా గట్టిగానే ఉంది."

నువారా పడీ పడీ నవ్వింది. బెలాయిద్ నవ్వలేదు. "శుక్రవారం నాకు బేరం ఉంది" అన్నాడు లేస్తూ.

"శుక్రవారం బేరమా? నమాజు చేసొచ్చి, కుస్‌కుస్ తిని, సాయంత్రం దాకా గుర్రు పెట్టే మనిషివి! చెప్పదలచుకుంటే కాస్త అతికే అబద్ధం చెప్పు" అంది నువారా.

ఆ మాటకి అతని మొహం ఎందుకు అంత నల్లబడిందో ఆవిడకి తెలియదు. టాక్సీ తాళాలు తీసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పార్కు పేరు ఆ ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. ఆ పార్కు అంచునే, తిక్‌జ్దాకి పోయే దారి పైన, తాలా ఉజ్రూ అనే ఊళ్లో బెలాయిద్ పుట్టాడు. అతని చిన్నప్పుడు దాన్ని పార్కు అనేవాళ్లు కాదు, కొండ అనేవాళ్లు. మేకలు కాసిన కొండకి టికెట్లూ బోర్డులూ తర్వాత వచ్చాయి. ఆ ఊళ్లో అతను అడుగు పెట్టి ముప్పై ఏళ్లయింది. పెళ్లిళ్లకి చుట్టాల బస్సులో తల్లి వెళ్లొచ్చింది, ఆ ముసలి మోకాళ్లు సహకరించినన్నాళ్లు. అతను మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పాడు.

కారణం అతనికొక్కడికే తెలుసనుకున్నాడు. దేశం అంతర్యుద్ధంలో ఉన్న చెడ్డరోజులు అవి. తండ్రి అక్లీ చనిపోయాడని నవంబరులో కబురొచ్చింది. ఖననం మర్నాటి పొద్దున. మా వైపు తండ్రిని గోతిలోకి దించేది కొడుకు. మిగతావాళ్లు మట్టి పోస్తారు. పాతికేళ్ల బెలాయిద్ అరువు కారులో బయల్దేరాడు. లఖ్దారియా లోయలో పొద్దు వాలుతుండగా దారి పక్కన తగలబడిన బస్సు కనిపించింది. ఇంకా పొగ వస్తోంది. కాస్త ముందు సైనికుల బట్టల్లో నలుగురు కార్లు ఆపుతున్నారు. ఆ రోజుల్లో ఆ బట్టల్లో ఉన్నది సైనికులో గొంతులు కోసేవాళ్లో దగ్గరికి వెళితే గాని తెలిసేది కాదు. అతను దగ్గరికి వెళ్లలేదు. కారు వెనక్కి తిప్పాడు. మర్నాడు ఊళ్లో ఉన్న తల్లితో ఫోన్లో, "మన ఊరి మలుపుల దగ్గర మంచు పడి దారి మూసుకుపోయింది, వెనక్కొచ్చేశాను" అన్నాడు. భయపడ్డానని చెప్పే మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. వానమీదో మంచుమీదో పెడతారు.

*

గురువారం మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు బెలాయిద్ చేతిలో గొలుసుల సంచి ఉంది. గుమ్మంలోనే చప్పుడయ్యేలా కింద పడేశాడు.

"సరే, వెళ్దాం" అన్నాడు.

తిజిరి ఎగిరి అతని మెడ పట్టుకుంది. అతను ఆ చేతులు విడిపించుకున్నాడు. "ఆగు. ఆరింటికి కాదు, మూడున్నరకే బయల్దేరతాం. ఊరి కింద నుంచి పోయేటప్పటికి ఇంకా చీకటిగా ఉండాలి. ఎక్కడా ఆపను. నేరుగా హోటలు, మంచు, మళ్లీ ఇల్లు. తాలా ఉజ్రూ పేరెత్తకూడదు."

పరుపు మీదే భోంచేస్తున్న మల్హా చేతిలో చెంచా ఆగిపోయింది. "హోటలేమిటి?"

"గది తీసుకున్నాం కదా నానమ్మా" అంది తిజిరి, గొంతు తగ్గించి.

"అది పార్కులో ఎక్కడో దూరమనుకున్నాను. మన ఇంటి కింద నుంచి పోతూ, డబ్బిచ్చి పరాయి మంచం మీద పడుకుంటామా? ఇంటికి తాళం వేసుంది గాని, ఇల్లు పడిపోలేదే!"

"పడుకుంటాం" అన్నాడు బెలాయిద్. "హోటలైతే వెళ్దాం. లేదంటే ఆ కాగితం చించెయ్యండి."

తిజిరి పెదవి కొరుక్కుంది. "నాన్నా, ఒక తప్పు జరిగింది. నిన్న రాబహ్ పెదనాన్నకి ఫోన్ చేశాను. దారిలో మంచుందా అని అడుగుదామని."

రాబహ్ బెలాయిద్‌కి పెదనాన్న కొడుకు. ఇప్పటికీ ఊళ్లోనే ఉంటున్నాడు. మా కొండల్లో ఒకరికి చెబితే పొయ్యి దగ్గరున్న ముసలమ్మ దాకా తెలిసిపోతుంది. ఫలానావాళ్లు వస్తున్నారని తెలిశాక ఊరు వండుతుంది, ఊడుస్తుంది, గుమ్మంలో నిలబడుతుంది. ఆ గుమ్మాల కింద నుంచి లైట్లార్పుకుని పోయినవాణ్ణి వాళ్ల మనవల కాలం దాకా చెప్పుకుంటారు.

"ఎవరడగమన్నారే నిన్ను?" బెలాయిద్ బల్ల మీద కొట్టాడు. గిన్నెలోంచి చారు ఒలికింది. "చదువుకున్నావు కదా, ముందు తండ్రిని అడగాలన్న బుద్ధి లేదూ? ఫోన్ చేసి చెప్పు. నాన్నకి జ్వరమని చెప్పు. కారు చెడిపోయిందని చెప్పు."

"నేను చెప్పను" అంది తిజిరి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చూపు తిప్పుకోలేదు. "రాబహ్ పెదనాన్న భార్య ఇల్లు తుడిపిస్తోంది. నానమ్మ పరుపు ఎండలో వేసిందట. వాళ్లకి నేను ఏ మొహంతో అబద్ధం చెప్పను?"

"నీకు తెలియదు!"

"చెబితే కదా తెలిసేది!"

"దాని మీద ఎందుకురా అరుస్తావు?" అంది మల్హా. "నా వైపు తిరుగు. నా కన్ను పోతోందని కదా మంచు చూపిస్తానంటోంది పిల్ల. నేను మంచు చూడాలని అడిగానా? మన గుమ్మంలో ఆ రాతి మీద ఒక పూట కూర్చోవాలి. అంతే. చీకట్లో దొంగలా నన్ను నా ఇంటి ముందు నుంచే తీసుకుపోతానంటావా?"

"ఏ మొహం పెట్టుకుని రమ్మంటావమ్మా? నాన్నని దించడానికి రాలేదని ఊరంతా..."

"మంచు పడింది కదా" అంది మల్హా మెల్లగా.

బెలాయిద్ ఒలికిన చారు వైపు చూశాడు.

"మన గుమ్మంలో కూర్చుంటే ఏం కనిపిస్తుందిరా, బెలాయిద్?"

అతను తల్లి మొహంలోకి చూశాడు. "మలుపులు" అన్నాడు.

"ఏడు మలుపులూ కనిపిస్తాయి. మీ నాన్న లోపల పడుకుని ఉన్నాడు. నేను ఆ రాతి మీద కూర్చుని సాయంత్రం నుంచి మలుపుల్లో కారు లైట్ల కోసం చూశాను. అప్పుడు నాకు రెండు కళ్లూ ఉన్నాయి. లైటు కనిపించినప్పుడల్లా లేచి నిలబడ్డాను. రెండు కార్లు వచ్చాయి. రెండూ నీవి కావు. మర్నాడు మన వీధివాళ్లు ఆలివ్ కోతలు మధ్యలో వదిలేసి వచ్చి గొయ్యి తవ్వారు. చొక్కాలు చెమటతో తడిసిపోయాయి. మంచులో ఎవరైనా ఆలివ్‌లు కోస్తారా నాయనా? ఏ ఊళ్లో పుట్టావు నువ్వు?"

నువారా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఒలికిన చారు బల్ల అంచు నుంచి బొట్లుగా కింద పడుతోంది.

"నీకు తెలుసా?" అన్నాడు బెలాయిద్.

"ఊరంతటికీ తెలుసు. మంచు పడిందో లేదో కొండవాళ్లకి చెప్పేవాడివా నువ్వు?"

"మరి ముప్పై ఏళ్లు ఎందుకు ఊరుకున్నావు?"

మల్హా పక్కనున్న ఉన్ని ఉండని ఒళ్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "మొదటి నలభై రోజులూ నీ మీద కోపంతోనే ఊరుకున్నాను. ఆ తర్వాత లోయలో తగలబడిన బస్సు సంగతి తెలిసింది. అదే సాయంత్రం అట. అక్కడ కారు ఆపిన ప్రయాణికుల్లో ఎవరూ మిగల్లేదట. ఒక్కణ్ణే పూడ్చుకున్నానని అల్లాకి దండం పెట్టుకున్నాను. అడిగితే నువ్వు నా ముందు తలదించుకుని బతకాలి కదా, వద్దులే అనుకున్నాను. అదే తప్పు. నువ్వు తల దించుకోలేదు గాని, ఊరి వైపు ఒక్కసారీ తిరగలేదు."

బెలాయిద్ కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. యాభై అయిదేళ్ల మనిషి, అందరి మీదా అరిచే టాక్సీవాడు, అరచేతుల్లోకి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. "బస్సులోంచి పొగ వస్తోందమ్మా" అన్నాడు. "భయపడ్డాను. నాన్న గుర్తుకు రాలేదు. నేను చచ్చిపోతానని ఒక్కటే గుర్తుంది."

మల్హా పరుపు మీద నుంచి లేవలేక, "ఇటు రారా" అంది. అతను వెళ్లి ఆవిడ ఒడి దగ్గర కింద కూర్చున్నాడు.

అప్పుడే తిజిరి ఫోను మోగింది. రాబహ్. బెలాయిద్ కళ్లు తుడుచుకుని చెయ్యి చాచాడు.

"అన్నా" అన్నాడు.

"ఎవరూ, బెలాయిదా? గొంతు గుర్తుపట్టలేదురా, ముసలాడివైపోయావు!" రాబహ్ గట్టిగా నవ్వాడు. "మంచు గురించి అడిగింది మీ అమ్మాయి. పైన పార్కులో నడుములోతుంది. మన మలుపుల్లో లేదు. దారి తెరిచే ఉంది."

బెలాయిద్ కళ్లు మూసుకున్నాడు. "అన్నా, ఆ రోజు కూడా..."

"ఏ రోజు?" అన్నాడు రాబహ్ వెంటనే. ఈసారి నవ్వకుండా అన్నాడు. "ఊరంతా కలిసి ఎద్దులు కోసి మాంసం వాటాలు వేసేటప్పుడు ఇంటి పేర్లు పిలుస్తారు కదా. ప్రతి ఏడూ 'అక్లీ కొడుకు బెలాయిద్' అని పిలుస్తారు. 'ఉన్నాడు' అని నేనంటాను. నీ వాటా ఏ దిక్కులేని ఇంటికో ఇస్తాం. ముప్పై ఏళ్లుగా నీ బదులు పలికి నా గొంతు పోయిందిరా. ఇక నువ్వొచ్చి పలుకు."

*

శుక్రవారం వాళ్లు ఆరింటికే బయల్దేరారు. హోటల్ గది వద్దని తిజిరి ముందు రోజే చెప్పేసింది. లోయలో బెలాయిద్ ఒక్కచోట కారు నెమ్మది చేశాడు. అక్కడిప్పుడు పండ్ల బండ్లున్నాయి. నువారా వెనక నుంచి అతని భుజం మీద చెయ్యి వేసి, లోయ దాటేదాకా తీయలేదు.

తొమ్మిది దాటాక మొదటి మలుపు వచ్చింది. పైన కొండంతా తెల్లగా ఉంది, మలుపుల్లో తారు ఎండకి మెరుస్తోంది. బెలాయిద్ కారు ఆపాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"వచ్చేశామా?" అంది మల్హా, ముందు సీట్లోంచి కుడి కన్ను చిట్లించి.

"మొదటి మలుపమ్మా."

"లైట్లు వెయ్యి."

"పట్టపగలమ్మా, ఎండ కాస్తోంది."

"వెయ్యరా. రాబహ్ ఆ రాతి మీద కూర్చునుంటాడు. కార్లు చాలా పోతుంటాయి ఈ దారిలో. ఏది మనదో వాడికి ఎలా తెలుస్తుంది?"

బెలాయిద్ లైట్లు వేశాడు. ఎండలో అవి వెలిగాయో లేదో కూడా తెలియలేదు. రెండో మలుపు తిరిగేసరికి పైన, తమ ఎర్రపెంకుల ఇంటి ముందు, ఎవరో లేచి నిలబడ్డారు.