నగ్మా ఎత్తు బెల్లం

తెల్లవారుజామున మసీదు నుంచి అజా వినబడేసరికే ఖాదర్‌బీ పొయ్యి మీద సేమ్యా ఉడుకుతోంది. "రేపు గుంటూరులో పరగడుపున రక్తపరీక్ష, పిల్లకి మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దు అత్తయ్యా" అని కోడలు అఫ్రోజ్ ముందురోజే చెప్పింది. ఖాదర్‌బీ తల ఊపింది. తల ఊపడంలో ఆవిడ ఎప్పుడూ లోటు చెయ్యలేదు, మాట వినడంలోనే వచ్చింది చిక్కంతా.

పదేళ్ళ నగ్మాని లేపి, నెయ్యి వేసి, పంచదార దండిగా పోసిన సేమ్యా గిన్నెడు తినిపించింది.

"నాన్నమ్మా, అమ్మ వద్దంది కదా?"

"మీ అమ్మకేం తెలుసు? కడుపు మాడితే కళ్ళు తిరుగుతాయి. తిను, ఎవరికీ చెప్పమాకు."

నగ్మా ఏడో నెలలోనే పుట్టిన బిడ్డ. దూదేకి పరుపులు కుట్టే ఇల్లు వాళ్ళది. ఏకిన దూది గుప్పెడు చేతిలో పెట్టినట్టుండేది ఆ పసిగుడ్డు. బతకదన్నారు. అప్పుడు ఖాదర్‌బీ వినుకొండ పొలిమేరలోని దర్గాకి పరుగెత్తి, "బిడ్డ బతికితే ఏటా ఉరుసుకి దాని ఎత్తు బెల్లం తూస్తాను సామీ" అని మొక్కుకుంది. బిడ్డ బతికింది. ఏటేటా తక్కెడలో బెల్లం అచ్చులు పెరుగుతుంటే ఆవిడ గుండె పొంగేది. ఇచ్చే బెల్లం నిరుటికంటే తగ్గితే మొక్కు తప్పినట్టేనని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది, అనుకున్నదాన్ని పట్టుకుని కూర్చుంది.

కొడుకు ముస్తాక్‌తో కలిసి నలుగురూ బస్సెక్కి బ్రాడీపేటలోని ఆసుపత్రికి వెళ్ళారు. నాలుగు మెట్లెక్కేసరికి నగ్మాకి ఆయాసం వచ్చింది. పరీక్షకి రక్తం ఇచ్చారు. మధ్యాహ్నానికి రిపోర్టు చూసి డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది.

"పాప పొద్దున ఏమీ తినలేదు కదా?"

"లేదండీ" అంది అఫ్రోజ్.

ఖాదర్‌బీ తల ఎత్తి ఫ్యాను వంక చూసింది.

"పరగడుపున ఇంతుంటే షుగర్ వచ్చిందనే అనుకోవాలమ్మా. రేపు చేర్చండి. మిగతా పరీక్షలు చేసి మందు మొదలుపెడదాం. ఒకప్పుడు తిండి లేక చిక్కిన పిల్లల్ని తెచ్చేవాళ్ళు నా దగ్గరికి. ఇప్పుడు ఊళ్ళ నుంచి కూడా ఇలా ఒళ్ళొచ్చిన పిల్లలే వస్తున్నారు."

బయట వరండాలోకి రాగానే అఫ్రోజ్ బద్దలైంది.

"నేను మొత్తుకుంటే ఎవరన్నా విన్నారా? బొద్దుగా ఉంటే ముద్దన్నారు. చిప్స్ వద్దంటే నేను పిసినారిదాన్నయ్యాను!"

"నువ్వు మాత్రం సెల్లు చేతికిచ్చి కూచోబెట్టలేదా?" అన్నాడు ముస్తాక్.

"అన్నం వండేది నేనా, మీ అమ్మా?"

నగ్మా వెక్కుతూ తల్లి కొంగు పట్టుకుంది. "నాన్నమ్మని తిట్టొద్దమ్మా. నేనే అడిగి అడిగి తిన్నాను. రోజూ సూదులు పొడిచినా ఏడవను."

పొద్దుటి గిన్నె సంగతి పిల్ల నోటివెంట రాలేదు. ఎవరికీ చెప్పొద్దన్న మాటకి ఆ పసిది అంత భయంలోనూ కట్టుబడింది. ఖాదర్‌బీ గోడకి ఆనుకుని అక్కడే కూలబడింది.

"అదేం చెయ్యలేదురా. నేనే... పొద్దున సేమ్యా పెట్టాను."

అఫ్రోజ్ కొయ్యబారిపోయింది. "పంచదార వేసా?"

"లేకపోతే ఉప్పేసి వండుతారా?"

ముస్తాక్ వెనక్కి డాక్టరమ్మ గదిలోకి పరుగెత్తాడు. అఫ్రోజ్‌కి కోపం, ఏడుపు, ఆశ మూడూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఎందుకు చేశారత్తయ్యా?"

"చిక్కిపోతే బెల్లం తగ్గుద్దే. మొక్కు తగ్గితే ఇచ్చిన బిడ్డని వెనక్కి తీసుకుంటాడేమోనని..."

కోడలు ఆవిడ పక్కనే నేల మీద కూచుంది. గొంతు తగ్గించింది. "మీరు మొక్కింది బిడ్డ బతకాలనా, బెల్లం పెరగాలనా?"

ఖాదర్‌బీ కోడలి చెయ్యి పట్టుకుని బావురుమంది.

మర్నాడు పరగడుపున మళ్ళీ పరీక్ష చేద్దామంది డాక్టరమ్మ. ఆ రాత్రి గుంటూరులో చుట్టాలింట్లో దిగారు. పొద్దున పిల్ల పరగడుపున ఉంటే ఖాదర్‌బీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఈసారి రిపోర్టు చూసి డాక్టరమ్మ నవ్వింది.

"షుగర్ రాలేదు. కానీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. కాలేయానికి కొవ్వు పడుతోంది. తిండి మార్చి, రోజూ ఆడిస్తే మందులక్కర్లేదు."

అఫ్రోజ్ పిల్లని వాటేసుకుంది. ముస్తాక్ కళ్ళు తుడుచుకున్నాడు. ఖాదర్‌బీ వరండాలోనే చేతులెత్తి దువా చేసింది.

ఆనాటి నుంచి ఇంట్లో పంచదార డబ్బా అటక ఎక్కింది. సాయంత్రమైతే నాన్నమ్మా మనవరాలూ ఊరి కొండ చుట్టూ నడక. ముందు రొప్పేది నగ్మా, కొన్నాళ్ళకి "ఆగవే తల్లీ" అని బతిమాలుకునేది ఖాదర్‌బీ.

ఉరుసు వచ్చింది. అలవాటు కొద్దీ నిరుటి లెక్కనే బెల్లం తెచ్చారు. నగ్మా తక్కెడలో కూచుంది. రెండు పళ్ళేలూ సమానమయ్యాక చూస్తే బుట్టలో ఇంకా అచ్చులు మిగిలి ఉన్నాయి. దర్గా చూసుకునే ముజావర్ హుస్సేన్ సాహెబ్ అచ్చెరువుగా చూశాడు.

"ఏంది ఖాదర్‌బీ, ఈ ఏడు తగ్గిందే?"

జనమంతా ఇటు తిరిగారు. ఖాదర్‌బీ కళ్ళ నిండా నీళ్ళు.

"తగ్గిందయ్యా!" అంది అందరికీ వినబడేలా. "అల్లా దయవల్ల నా బిడ్డ తగ్గింది!"

నగ్మా తక్కెడ దిగి ఆవిడ మెడ చుట్టేసింది. మిగిలిన అచ్చుల్ని కూడా దర్గా చదివింపుల్లోనే పెట్టించింది ఖాదర్‌బీ. ఇంటికి మాత్రం ఒక్క ముక్క తేనివ్వలేదు.