వీపు వెనకాల చూపు

శుక్రవారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ తలుపు కూడా తట్టకుండా లోపలికి వచ్చి, కుర్చీ అనుకుని గొడుగులు పెట్టే తొట్టి మీద కూర్చోబోయింది. పెర్సీ లంబ్ ఒక్క గెంతులో వెళ్లి పట్టుకున్నాడు గానీ, లేకపోతే స్కార్‌బరో ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసులో ఆ వేళ తుంటి ఎముక విరిగేది.

"చూపు తక్కువ నాయనా" అందావిడ సిగ్గుపడుతూ. "నీటికాసులు. పక్కలన్నీ చీకటి. ఎదురుగా మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కొంచెం కనిపిస్తుంది. క్రిస్మస్‌కల్లా అదీ ఉండదన్నాడు డాక్టరు."

బల్ల వెనక కూర్చున్న హెస్టర్ టార్న్ పెన్ను మూసి పక్కన పెట్టింది. ఇరవై ఏళ్లు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, విసుగెత్తి, ఈ ఆఫీసు తెరిచిన మనిషి. ఎదుటివాళ్లు ఆవులిస్తే పేగులు లెక్కపెట్టగలదు. పోస్టుమాన్‌గా రిటైరైన పెర్సీ ఐదేళ్ల నుంచి ఆమె దగ్గర సహాయకుడు. ఆమె తెలివికి ఇంకా ఆశ్చర్యపోవడం మానలేదు, మానాలని అతనికి లేదు కూడా.

"నా పేరు మ్యూరియల్ ఓస్ట్‌లర్" అంది పెద్దావిడ. "ఒకప్పుడు టీవీలో నటించేదాన్ని. ఆ రోజుల్లో నాటకాలు ముందుగా రికార్డు చేయడం ఎక్కడిది? అప్పటికప్పుడు కెమెరా ముందు ఆడేయడమే. దేశమంతా చూసేది, మేం తప్ప. నలభై రెండేళ్ల కిందట ఒక నాటకం ఆడాం, నేనూ గాడ్‌ఫ్రే. చివరి సీనులో నేను కెమెరా వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన నా వెనక నిలబడి, కాసేపు ఆగి, ‘వెళ్లకు’ అన్నాడు. అంతే నాటకం."

"తర్వాత ఆయన్నే పెళ్లి చేసుకున్నారు" అంది హెస్టర్, ఆవిడ ఉంగరం వైపు చూస్తూ.

"అదే కదా సంగతి! మా అమ్మకి నటులంటే గిట్టదు. ఆ రాత్రి టీవీలో ఆయన ముఖం చూసి, ‘ఆ చూపు చూశాక కాదనడానికి నాకు నోరు రాలేదే’ అంది. వీధిలో వాళ్లూ అదే అన్నారు. పాలవాడూ అదే అన్నాడు. నేనొక్కదాన్నే చూడలేదు. నా వీపు వెనకాల కదా! ముప్పై ఆరేళ్లు కాపురం చేశాను. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ చూపు మాత్రం చూడలేదు."

ఆ నాటకాన్ని పరదేశాలకు అమ్మడం కోసం అప్పట్లో ఫిలిం మీదకు ఎక్కించారు. తర్వాత టీవీ కంపెనీ అలమరలు ఖాళీ చేయడానికి పాతవన్నీ చెత్తకుప్పలో పారేసింది. ఇదీ పోయిందనుకున్నారు. మూడు వారాల కిందట పాతసామాను వ్యాపారి డెంజిల్ పాస్కోకు చర్చి పాతవస్తువుల అమ్మకంలో ఒక తుప్పు డబ్బా దొరికింది. అందులో ఉంది ఆ రీలు, ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క కాపీ. ఊళ్లోని పాతచిత్రాల సంఘం శనివారం మూడు గంటలకు ఆట వేస్తామని ఊరంతా కాగితాలు అంటించింది. మ్యూరియల్ ముఖ్య అతిథి.

"ఈ పొద్దున ఒకసారి వేసి చూద్దామని డబ్బా తెరిస్తే లోపల నా నాటకం లేదు" అంది ఆవిడ. "నాకు ఎవరి మీదా కోపం లేదమ్మా. దొంగ నాకెందుకు? నాకు చూపు ఉండగా ఆ చూపు చూపించండి చాలు."

పెర్సీ ముక్కు గట్టిగా చీదుకున్నాడు. జలుబు అనుకుంటారని అతని ఆశ.

*

సంఘం పాత చర్చిబడి గదిలో నడుస్తుంది. సెక్రటరీ క్లైవ్ సగ్‌డెన్ వీళ్లను చూడగానే చేతిలోని చేపా చిప్సూ పొట్లం బల్ల కింద దాచాడు. గదంతా చిప్సు మీద చల్లిన వెనిగర్ వాసన.

"ఎనభై టిక్కెట్లు అమ్మానండీ! ఎనభై! ఊళ్లో తలెత్తుకు తిరగనిస్తారా నన్ను?"

"డబ్బా ఎప్పుడు వచ్చింది?"

"బుధవారం సాయంత్రం డెంజిల్ తెచ్చాడు. ముగ్గురమే ఉన్నాం. నేనూ, వాడూ, మా రీళ్లు చూసుకునే ఐడా క్రాబ్‌ట్రీ. శుక్రవారం దాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి అలమరలో పెట్టి తాళం వేశాను."

"తాళంచెవి?"

క్లైవ్ మెల్లగా, కిటికీలో ఉన్న పింగాణీ టీ కూజా చూపించాడు. తాళంచెవి అందులో ఉంటుందని సంఘంలో అందరికీ తెలుసు.

డబ్బా బల్ల మీదే ఉంది. మూత మీద టీవీ కంపెనీ చీటీ చెక్కుచెదరలేదు. నాటకం పేరు, తేదీ, నంబరు, అన్నీ ఉన్నాయి. లోపలి రీలు మాత్రం పిల్లలు రోడ్డు ఎలా దాటాలో నేర్పే ప్రభుత్వ చిత్రం. సంఘానిదే. పొడవూ బరువూ దాదాపు సమానం.

పెర్సీ డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదీ వెనిగరేనండీ" అన్నాడు అనుమానంగా క్లైవ్ వైపు చూస్తూ.

"నా చిప్సు కాదు బాబూ! పాత ఫిలిం పులిస్తే వచ్చే వాసన అది. ఒక రీలుకు పట్టిందంటే పక్కవాటికీ అంటుకుంటుంది."

హెస్టర్ మూత తిరగేసింది. అంచులో అగ్గిపుల్లంత కాగితం ముక్క ఇరుక్కుని ఉంది. పసుపుపచ్చని ముక్క.

"అది ఫిలిం జ్వరం చూసే కాగితం" అన్నాడు క్లైవ్. "నీలంగా ఉంటుంది. డబ్బాలో వేసి ఒక రోజంతా మూత పెట్టాలి. రీలు పులిసిందంటే పసుపు అవుతుంది. పాత యజమాని ఎవరో వేసుంటాడు."

హెస్టర్ కాగితాన్ని పుస్తకం మధ్య దాచుకుంది.

డెంజిల్ పాస్కో దుకాణంలో కుర్చీకి కాలు అతికిస్తున్నాడు. "గుమ్మడికాయల దొంగ అంటే నేను భుజాలు తడుముకోనండీ" అన్నాడు తల ఎత్తకుండానే. "ఒక కెనడా షావుకారు అడిగిన మాట నిజం. వద్దన్నాను. మూడు వారాలు నా మంచం కింద ఉంది. అమ్మదల్చుకుంటే సంఘానికి మోసుకెళ్లడం ఎందుకు?"

"మొదటిసారి డబ్బా తెరిచినప్పుడు లోపల ఏమేం ఉన్నాయి?"

"ఫిలిం. ఒక చచ్చిన సాలీడు."

"ఇంకేం లేవా? కాగితం ముక్కలాంటివి?"

"సాలీడు చదువుకున్నదిలా కనిపించలేదు మేడమ్."

ఐడా క్రాబ్‌ట్రీ సముద్రం ఒడ్డున చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. యవ్వనంలో ఒక టీవీ కంపెనీలో రీళ్లు అతికే పని చేసింది. ఇప్పుడు సంఘం రీళ్లకు తల్లీ తండ్రీ ఆవిడే. టీ పెట్టి, కిటికీ బయట నీళ్ల పళ్లెంలో తడిగుడ్డ కప్పి పెట్టిన పాలసీసా తీసుకొచ్చింది. జూన్ ఎండకు పాలు కాస్త విరిగాయి. పెర్సీ మర్యాదకు గుక్కెడు తాగి, కప్పు కింద పెట్టేశాడు. వంటగదిలో ఫ్రిజ్ మాత్రం ఎడతెగకుండా గురగురలాడుతోంది.

"నేను ఆ డబ్బా ముట్టుకోలేదు" అంది ఐడా, అడక్కముందే. "క్లైవ్ వద్దన్నాడు కదా."

"వాసన గమనించారా?"

"గమనించకపోవడమేమిటి? గుమ్మంలోనే తెలిసింది. దీన్ని ముందు ఫిలిం భాండాగారానికి పంపండి అన్నాను. వాళ్లు కాపీ తీసేసరికి ఏడాదిన్నర పడుతుంది, ఎనభై టిక్కెట్లు ఏం చేసుకోను అన్నాడు క్లైవ్."

"నా టీలో ఇంకొంచెం పాలు కావాలి. మీరు కూర్చోండి, నేనే ఫ్రిజ్‌లోంచి..." అంటూ హెస్టర్ లేవబోయింది.

"వద్దు!" ఐడా చటుక్కున లేచింది. "వంటగది చిందరవందరగా ఉంది" అంటూ కిటికీ వైపు నడిచింది.

బయటకు వచ్చాక పెర్సీ నోరు తుడుచుకుంటూ, "డెంజిలే మేడమ్. కెనడా షావుకారు మాట విన్నారుగా" అన్నాడు.

"రేపు పదకొండింటికి అందరినీ చర్చిబడికి రమ్మను" అంది హెస్టర్. "మ్యూరియల్ గారిని నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకురా."

*

శనివారం పదకొండింటికి నలుగురూ పిల్లల బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగులుతూ కూర్చున్నారు. పెర్సీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎవరైనా పారిపోతారేమోనని అతని భయం. పారిపోగల వయసు వాళ్లెవరూ లేరు.

"ఈ దొంగ వింత దొంగ" అని మొదలుపెట్టింది హెస్టర్. "ఫిలిం తీసుకున్నాడు, డబ్బా వదిలేశాడు. ఆ డబ్బా మీదే అసలు చీటీ ఉంది. డెంజిల్ గారూ, చీటీ లేని రీలుకు ఏం ధర పలుకుతుంది?"

"అసలుదని రుజువేది? సగం కూడా రాదు" అన్నాడు డెంజిల్.

"అంటే అమ్మేవాడి పని కాదు. అలాగే, ఆట వేయాలని తహతహలాడే క్లైవ్ గారి పనీ కాదు. మరి తుప్పు డబ్బాను ఎవరు వదిలేస్తారు? పులిసిన ఫిలింను పాతడబ్బాలో ఉంచితే ఇంకా పాడవుతుందని తెలిసినవాళ్లు."

క్లైవ్ డబ్బా మూత మీది తుప్పు గోటితో గీకి చూశాడు.

"ఇక ఈ కాగితం." హెస్టర్ పసుపు ముక్క ఎత్తి చూపింది. "డెంజిల్ గారు తెరిచినప్పుడు ఇది లేదు. రంగు మారడానికి ఒక రోజు కావాలి. అంటే బుధవారం రాత్రి అందరూ వెళ్లాక ఎవరో వచ్చి వేశారు. గురువారం రాత్రి వచ్చి చూశారు. దొంగతనానికి వచ్చినవాడు ముందు జ్వరం చూస్తాడా? డాక్టరు చూస్తుంది, తల్లి చూస్తుంది. ముప్పై ఏళ్లుగా రీళ్లు కాపాడే మనిషి ఆ వాసన తగిలాక కాగితం వేయకుండా ఉండగలదా? నేను ముట్టుకోలేదు అని ఒకరు అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. వేశాను అని చెప్పి ఉంటే నమ్మేదాన్ని."

ఐడా తన చేతుల వైపు చూసుకుంటోంది.

"పులిసిన ఫిలింకు మందు ఒక్కటే, చలి. ఎండాకాలంలో ఫ్రిజ్ గురగురలాడుతుంటే పాలు కిటికీ బయట ఎందుకున్నాయి ఐడా గారూ?"

"నా కడుపుకు అప్పుడే తెలిసింది" అని గొణిగాడు పెర్సీ, ఏమీ తెలియకపోయినా.

క్లైవ్ లేచి నిలబడ్డాడు. "నువ్వా ఐడా? నువ్వా! నేను పోలీసులకి..."

"కూర్చో క్లైవ్" అంది ఐడా. ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం వాళ్లెవరూ ఎప్పుడూ వినలేదు. "ఆ రీలు ముడుచుకుపోయింది. అంచు కన్నాల మధ్య దూరం తగ్గింది. మన ప్రొజెక్టరు పళ్లు వాటిలో పడవు. పడ్డచోటల్లా చీరేస్తాయి. భాండాగారానికి పంపు, ఏడాదిన్నర పట్టినా కాపీ తీస్తారు అంటే విన్నావా? ఒక్క ఆట, తర్వాత ముక్కలు!" ఆవిడ ఆగింది. "ఇరవై ఒకటో ఏట నా చేత్తో డబ్బాలు మోసి చెత్తబండిలో వేశాను. రోజుకు నలభై. పైవాళ్లు చెప్పారు, నేను చేశాను. వాటిలో ఏమున్నాయో చదువుతూనే వేశాను. మళ్లీ ఒకటి నా కళ్ల ముందే పోతుంటే చూడలేకపోయాను. అంతే."

పెర్సీకి దొంగ మీద జాలి కలగడం ఇదే మొదటిసారి. ఎటు చూడాలో తెలియక కూజా వైపు చూశాడు.

"ఏడాదిన్నరా?" అంది మ్యూరియల్ చిన్నగా. "మంచిపనే చేశావు తల్లీ. అది బతకాలి. అప్పటికి నాకు కళ్లుండవు గానీ, ఇంకెవరైనా చూస్తారు."

ఐడా తెల్లబోయింది. మ్యూరియల్ చూపు సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. గాడ్‌ఫ్రే చూపు సంగతీ చెప్పలేదు. ముఖ్య అతిథి అంటే పూలగుత్తి అందుకుని కేకు తినిపోయే మనిషి అనుకుంది. హెస్టర్ రెండు మాటల్లో చెప్పింది.

"ఐడా గారూ, మీరు రీళ్లు అతికే రోజుల్లో బొమ్మ ఎలా చూసుకునేవారు? ప్రతిసారీ ప్రొజెక్టరు వేసేవారా?"

"లేదు, చూపుడు పెట్టె మీద. చేత్తో..." ఐడా మాట మధ్యలో ఆగిపోయింది. "అరచేతంత తెర. నెమ్మదిగా తిప్పుకోవచ్చు. గుంజదు. బిగుసుకుంటే చేతికి తెలుస్తుంది. శబ్దం రాదు, ఎనభై మందికి కనిపించదు. ఒక్కరికే."

"గొట్టంలోంచి చూసే కంటికి అరచేతంత తెర చాలు" అంది హెస్టర్.

"మరి నా ఎనభై మందికి?" అన్నాడు క్లైవ్ ఏడుపుముఖంతో.

"రోడ్డు దాటడం నేర్పించు" అన్నాడు డెంజిల్. "మన ఊరివాళ్లకు అవసరమే."

*

ఒంటిగంటకు ఐడా వంటగది బల్ల మీద చూపుడు పెట్టె వెలిగింది. చలి తీరేదాకా రీలును తను మార్చిన కొత్త డబ్బాలోనే ఉంచి, తెల్ల చేతితొడుగులు వేసుకుని ఎక్కించింది. మ్యూరియల్ ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా కూర్చుంది. ఐడా పిడి తిప్పడం మొదలుపెట్టింది. శబ్దం లేదు. కానీ మ్యూరియల్ పెదవులు కదిలాయి. తన మాటలూ, ఆయన మాటలూ, నలభై రెండేళ్ల తర్వాత కూడా ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పుకుంటూ పోయింది.

"ఇప్పుడు" అంది మ్యూరియల్. "నేను ఇటు తిరుగుతాను. ఆయన వెనక... నెమ్మదిగా తల్లీ. ఇంకా నెమ్మదిగా. ఆపు!"

తెర మీద, తలెత్తి నిలబడ్డ అమ్మాయి భుజం మీదుగా ఒక యువకుడి ముఖం. కళ్లు పెద్దవయ్యాయి. పెదవులు విడివడ్డాయి. లోకంలో ఉన్నదంతా చేజారిపోతున్నవాడి చూపు అది.

మ్యూరియల్ చాలాసేపు చూసింది. తర్వాత ఆవిడ భుజాలు ఊగాయి. ఏడుస్తోందని ఐడా చెయ్యి వేయబోయింది.

ఆవిడ నవ్వుతోంది.

"మాట మరిచిపోయాడు!" అంది నవ్వు ఆపుకోలేక. "ఒక్క మాట, ‘వెళ్లకు’! అదీ గుర్తు రాలేదు! ఇది కళ్లజోడు వెతుక్కునే ముఖం. తాళాలు ఎక్కడ పెట్టాడో తెలియని ముఖం. ముప్పై ఆరేళ్లు రోజూ పొద్దున ఇదే ముఖం చూశాను నేను! అయ్యో అమ్మా, ఇది చూసి నన్ను ఇచ్చావా!"

హెస్టర్ కూడా నవ్వింది. మ్యూరియల్ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, చూపు మసకబారితే ఎలాగని గబగబా తుడుచుకుంది.

"నేను చూడలేదనుకున్నాను" అంది చివరికి, తెర మీది ముఖాన్ని వేలితో తాకకుండా తాకుతూ. "కొంచెం వెనక్కి తిప్పు తల్లీ. ఇంకోసారి మరిచిపోనీ."

ఐడా పిడిని వెనక్కి తిప్పింది.