మూడో పిలుపు

శనివారం పొద్దున్నే ఆల్వీనా వంటింట్లోకి వచ్చేసరికి కొడుకు లైల్ బల్ల ముందు కూచుని, రాత్రి మిగిలిన మాంసం కూరని చల్లదే గిన్నెలోంచి తినేస్తున్నాడు.

"ఒరేయ్, ఉండరా. వేడి చేసి పెడతాను."

"వద్దులే అమ్మా, ఇలాగే బాగుంది."

"ఎంతసేపురా, పొయ్యి మీద పెడితే చాలు."

"నీకెందుకమ్మా శ్రమ, పర్లేదు."

"శ్రమా పాడా! ఇలా తే గిన్నె."

"సరే అయితే, నీ ఇష్టం."

నార్వే నుంచి వచ్చి అమెరికాలో, ఈ మినెసోటాలో స్థిరపడ్డ మా వాళ్ళ ఇళ్ళన్నిట్లోనూ ఇదే తంతు. కాఫీ ఇవ్వనా అంటే వద్దనాలి. మళ్ళీ అడిగితే అబ్బే, పర్లేదనాలి. మూడోసారి అడిగితే, మీరింతగా అంటున్నారు కాబట్టి అని పుచ్చుకోవాలి. మొదటిసారే ఊఁ అన్నవాణ్ణి తిండిపోతు అనుకుంటాం. రెండుసార్లు అడిగి ఊరుకున్నవాడు మాటవరసకి పిలిచాడనుకుంటాం. ఇక మూడోసారి కూడా వద్దన్నారంటే అది నిజమైన వద్దు. ఆ తర్వాత ఎవరూ అడగరు.

లైల్ నిన్న సాయంత్రమే బస్సు దిగాడు. వియత్నాం యుద్ధంలో ఏడాది ఉండి వచ్చాడు. వాడేమీ సరదాపడి వెళ్ళలేదు, సర్కారు రమ్మంటే వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు బుగ్గలుండేవి, ఇప్పుడు దవడ ఎముకలున్నాయి. అయితేనేం, కాళ్ళూ చేతులూ ఉన్నాయి, ఆకలి ఉంది. నిన్నటినుంచీ ఆల్వీనాకి కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

ఒక్కటే వెలితి. కూతురు మార్లిస్ ఇంట్లో లేదు. పిల్లలిద్దరూ ఒక బల్ల దగ్గర కూచుని తింటుంటే చూడాలని ఆవిడ ఏడాదిగా కలలు కంటోంది. ఆ కల సగంలోనే ఆగిపోయేలా ఉంది.

ఆవుల దగ్గర పని ముగించుకుని భర్త ఓర్విల్ లోపలికొచ్చాడు. ఆయన మాటల మనిషి కాదు. నిన్న బస్సు దిగిన కొడుకుని చూసి ఆయన అన్నది ఒకటే మాట, "రోడ్డు బాగానే ఉందా?" అని. అని, వెనక్కి తిరిగి చాలాసేపు ముక్కు చీదుకున్నాడు.

"నాన్నా, మార్లిస్ ఏ బస్సుకొస్తోంది?" అన్నాడు లైల్.

ఓర్విల్ కాఫీని చెంచాతో తిప్పసాగాడు. ఆయన కాఫీలో చక్కెర వేసుకోడు.

"దానికి చదువుందిగా."

"జూన్‌లో చదువేంటి? సెలవులు కదా."

"ఏవో ఉంటాయి, పట్నం చదువులు."

"సాయంత్రం చర్చిలో నాకు కాఫీ విందన్నారే! దానికైనా రాదా?"

"ఆవులకి నీళ్ళు పెట్టాలి" అంటూ ఓర్విల్ లేచి వెళ్ళిపోయాడు. ఆవులు అప్పటికే కడుపునిండా తాగి ఉన్నాయి.

లైల్ తల్లి వైపు తిరిగాడు. "ఏం జరిగిందమ్మా? నిజం చెప్పు."

ఆల్వీనా విందు కోసం బంగాళాదుంప రొట్టెలు ఒత్తుతోంది. పల్చటి రొట్టెని పొడుగు కర్రతో పెనం మీద తిరగేస్తూ, కొడుకు మొహం చూడకుండానే చెప్పింది.

మే నెలలో, మార్లిస్ చదువుకునే మిన్నియాపోలిస్‌లో యుద్ధం వద్దంటూ పెద్ద ఊరేగింపు జరిగింది. మార్లిస్ అందులో నడిచింది. నడిచి ఊరుకోలేదు, పేపర్లోకి కూడా ఎక్కింది. ఫొటోలో దాని చేతిలో అట్ట, అట్ట మీద బారెడు అక్షరాలు: "మా అన్నని ఇంటికి పంపండి."

"ఆ మర్నాడు దాణా మిల్లు దగ్గర ఎవడో మీ నాన్నని ఏదో అన్నాడట. ఏమన్నాడో చెప్పడు. అప్పట్నుంచీ దాణాకి పక్క ఊరు పోతున్నాడు. పెట్రోలు దండగయ్యా అంటే వింటేనా!"

"దాన్నేమైనా తిట్టాడా?"

"తిడితే బాగుండేది. ఫోన్ చేశాడు. మీ నాన్న తనంతట తాను ఫోన్ ఎత్తడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి నేను చూడ్డం. విత్తనాల పని ఉంది, ఇంటికొస్తావా అన్నాడు. అది వద్దులే నాన్నా, నీకిబ్బంది అంది. ఇబ్బందేంటి, రా అన్నాడు. పర్లేదులే నాన్నా అంది."

"ఊఁ, తర్వాత?"

"తర్వాతేముంది? సరే అని పెట్టేశాడు."

లైల్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. "మూడోసారి అడగలేదా!"

"లేదు. తర్వాత నేను ఫోన్ చేస్తే అది ఏడ్చింది. నాన్న మాటవరసకి పిలిచాడమ్మా, నా మొహం ఊళ్ళో కనపడితే ఆయనకి తలవంపులు అంది."

"మరి ఆ మాట నాన్నకి చెప్పలేదా?"

"ఆయనకే తెలియాలి కదా అనుకున్నాను" అంది ఆల్వీనా. అన్నాక తన మాట తనకే ఎబ్బెట్టుగా వినిపించింది.

"భేష్! ఆయన అడగలేదని అది రాలేదు, అది రాలేదని ఆయన అడగలేదు, ఆయనకే తెలియాలని నువ్వు నోరు కుట్టేసుకుని కూచున్నావు. అక్కడ బురదలో పడుకుని, మా ఇంట్లో అంతా మామూలుగానే ఉండుంటుందిలే అనుకునేవాణ్ణి. ఇదేనన్నమాట మామూలు!"

వాడు నవ్వుతూనే అన్నాడు. కానీ ఆల్వీనాకి కళ్ళు చెమ్మగిల్లాయి. పెనం మీద రొట్టె మాడుతోంది. పొయ్యి ఆర్పేసి, మోచేతుల దాకా పిండితో, రొట్టెల కర్ర చేతిలోంచి దించకుండానే పశువుల కొట్టం వైపు బయల్దేరింది. లైల్ వెనకాలే పరిగెత్తాడు.

"ఓర్విల్!"

ఓర్విల్ కర్ర వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మార్లిస్‌ని మూడోసారి ఎందుకు అడగలేదు?"

"రెండుసార్లు వద్దందిగా."

"ఎవరైనా రెండుసార్లు వద్దనే అంటారు! నన్ను పెళ్ళి చేసుకుంటావా అని నువ్వడిగితే నేను రెండుసార్లు వద్దనలేదూ? అప్పుడు సరేనని ఇంటికి పోయావా?"

ఓర్విల్ చెవులు ఎర్రబడ్డాయి. కొడుకు ముందర ఈ సంగతి ఎప్పుడూ రాలేదు.

"అది వేరు" అని గొణిగాడు. తర్వాత ఆయన గొంతు ఒక్కసారిగా లేచింది. "వీడి సంగతేంటి? వీడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అక్కడుంటే, సొంత చెల్లెలు ఇక్కడ అట్ట పట్టుకుని వీధుల్లో తిరిగింది. వీడి మనసెలా ఉంటుందో ఎవరైనా ఆలోచించారా?"

"నా మనసెలా ఉందో నన్నే అడగొచ్చుగా నాన్నా, ఎదురుగానే ఉన్నాను" అన్నాడు లైల్. "ఆ ఫొటో నాకూ పంపింది. మా గుడారంలో అందరికీ కనిపించేలా తగిలించాను. ఇంటికి పంపమని ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకునే సిపాయిని అక్కడ ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు. మావాళ్ళందరూ మీ చెల్లెల్ని మా పేర్లు కూడా రాయమనరా అని ఒకటే గోల. అట్ట సరిపోదురా అన్నాను."

లైల్ గొంతు తగ్గించాడు.

"దాని పక్కనున్నవాళ్ళ అట్టలు కొన్ని నాకు నచ్చలేదు. మమ్మల్ని హంతకులన్నారు. అది చూసిన పూట తిండి సహించలేదు. ఆ సంగతి దాంతోనే తేల్చుకుంటాను. దాంతో పోట్లాడాలన్నా అది ఇంట్లో ఉండాలి కదా!"

ఓర్విల్ పాలు పితికే పీట మీద కూలబడ్డాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"భయమేసింది ఆల్వీనా" అన్నాడు.

"భయమా? ఊళ్ళోవాళ్ళకా?"

"ఊళ్ళోవాళ్ళకి కాదు. మూడోసారి కూడా వద్దంటే అది నిజం వద్దే కదా. అప్పటికే వీడు ఇంట్లో లేడు, తిరిగొస్తాడో రాడో తెలీదు. అది కూడా రానంటే ఇంకేం మిగులుతుంది? అడక్కుండా ఉంటే, ఇంకొక్కసారి అడగడానికి ఉందిలే అనుకుని పడుకోవచ్చు."

ఆల్వీనా చేతిలో కర్ర కిందికి జారింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి కూతురి మీద కోపంతో బిగుసుకున్నాడనుకుంది. పక్కనే పడుకుని ఇంత గుబులు మోస్తున్నాడని ఒక్కరోజు కూడా తెలుసుకోలేదు. పిండి చేతులతోనే ఆయన తల నిమిరింది. జుట్టంతా తెల్లబడింది.

"లే. ఫోన్ చెయ్యి" అంది.

ఫోను వంటింటి గోడకుంది. మా రోడ్డు మీద ఇళ్ళన్నిటికీ కలిపి ఒకటే తీగ. ఒకళ్ళు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఎత్తి వినొచ్చు. వినకూడదనుకోండి. వింటారు.

"మార్లిస్, నేను."

"నాన్నా? అన్నయ్యకేమైనా అయిందా?"

"లేదు. తింటున్నాడు."

రిసీవర్‌కి చెవి ఆనించి వింటున్న ఆల్వీనా ఆయన పక్కటెముకల్లో మోచేత్తో పొడిచింది.

"ఇక్కడ ఇంకా వాన పడలేదు" అన్నాడు ఓర్విల్.

"ఇక్కడా లేదు నాన్నా."

"మొక్కజొన్న మాత్రం బాగానే లేచింది."

"అబ్బబ్బ! అడగవయ్యా ఓర్విల్, నా కేకు మాడిపోతోంది!" అంటూ ఇంకో గొంతు తీగలోంచి కేకేసింది.

అది పక్క పొలం గుడ్రున్. భర్త పోయాక ఆవిడకి ఫోనే కాలక్షేపం.

"గుడ్రున్, నువ్వు వింటున్నావా?"

"ఛఛ, నేనెందుకు వింటాను? మార్లిస్ తల్లీ, మిల్లు దగ్గర మీ నాన్న చేసిన నిర్వాకం నీకు చెప్పాడా? ఎవడో నిన్ను దేశద్రోహి అన్నాడట. ఈయన వాడి మీద అరిచాడమ్మా! ఓర్విల్ అరవడం! 'నా కూతురు అడిగింది వాళ్ళ అన్నని, దానికి అడిగే హక్కుంది' అని మిల్లు అదిరిపోయేలా అరిచాట్ట. అంతమందిలో అరిచానే అన్న సిగ్గుతో ఇప్పుడు పక్క ఊరు పోయి దాణా తెచ్చుకుంటున్నాడు."

ఆల్వీనా మొగుడి వైపు గుడ్లప్పగించి చూసింది. "అరిచావా?"

"కొంచెం" అన్నాడు ఓర్విల్, నేల చూపులు చూస్తూ.

అవతల మార్లిస్ ఏడుస్తోంది. ఓర్విల్ రిసీవర్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అమ్మాయ్. ఇంటికి రా."

ఆల్వీనా రిసీవర్‌కి ఇంకా దగ్గరగా జరిగింది.

"నేను మళ్ళీ ఊరేగింపుకి వెళ్తాను నాన్నా. మా అన్నయ్య వచ్చేశాడు కదా అని మానెయ్యలేను. ఇంకా ఎంతోమంది అన్నయ్యలు అక్కడే ఉన్నారు. అది తెలిసి రమ్మంటేనే వస్తాను."

ఓర్విల్ గోడకి ఆనుకున్నాడు. "యుద్ధం సంగతి నాకంత తెలీదమ్మా. దేశం పిలిస్తే వెళ్ళాలనే నేననుకుంటాను, ఇప్పటికీ అదే అంటాను. కానీ నువ్వు అట్ట మీద రాసిన మాటే నేను రోజూ దేవుడికి చెప్పుకున్నాను. మా వాణ్ణి ఇంటికి పంపమనే. నువ్వు పైకన్నావు, నేను లోపలన్నాను, అంతే. వెళ్ళాలనుంటే వెళ్ళు. ముందు ఇంటికొచ్చి మాతో భోంచేసి వెళ్ళు."

తీగ మీద ఎవరో ముక్కు చీదారు. గుడ్రున్ కాదు, ఇంకెవరో.

"వస్తాను నాన్నా" అంది మార్లిస్. "ఏ బస్సు దొరుకుతుందో చూసి..."

"బస్సెందుకు? నేనే వస్తున్నాను. సామాను సర్దుకో."

"మరి చర్చిలో విందు?" అంది ఆల్వీనా కంగారుగా.

"రేపు పెట్టుకుందాంలే, అందరికీ నేను చెప్తాను" అంది గుడ్రున్. "అయినా అందరూ వింటూనే ఉన్నారుగా, మళ్ళీ చెప్పేదేముంది!"

మర్నాడు చర్చి నుంచి వచ్చాక నలుగురూ బల్ల దగ్గర కూచున్నారు. ప్రార్థన అయిందో లేదో అన్నాచెల్లెళ్ళిద్దరూ మొదలెట్టారు.

"'హంతకులు' అన్నది నేను కాదు అన్నయ్యా! నా అట్ట మీద ఏముందో నీకు తెలుసు."

"నీ పక్కవాడి అట్ట మీద ఏముందో కూడా తెలుసు. వాడి పక్కన నవ్వుతూ నిలబడ్డావు."

"వాడెవడో నాకేం తెలుసు? వాడి చేతిలోది నేనెలా లాక్కోను?"

"చిన్నప్పుడు నా చేతిలో మిఠాయి లాక్కోలేదూ? అలాగే!"

అన్నయ్య గొంతులో నవ్వు లేదని మార్లిస్ అప్పుడు కనిపెట్టింది.

"లాక్కోవాల్సింది" అంది మెల్లగా. "నువ్వు చూస్తావని తోచలేదు. తప్పే."

లైల్ ఒక రొట్టెకి వెన్న రాసి, చుట్టి, చెల్లెలి పళ్ళెంలో పడేశాడు. మార్లిస్ అది తిని, కళ్ళు తుడుచుకుని, "అయినా ఈ యుద్ధం తప్పే" అంది. "అక్కడికెళ్ళి చూశావా నువ్వు?" అన్నాడు వాడు. మళ్ళీ అందుకున్నారు. గొంతులు లేచాయి, గ్లాసులు కదిలాయి.

ఓర్విల్ భార్య వైపు వంగాడు. "ఆపమని చెప్పనా?"

ఆల్వీనా కళ్ళ నిండా నీళ్ళతో నవ్వుతోంది.

"నోరు మూసుకుని కూచో. నన్ను విననీ."