నూతిలో వదిలిన తాబేలు

మల్లేరు పొంగి కోట గుమ్మానికి పడవలు కట్టిన ఏడు జరిగింది ఇది. వరద తీసింది గాని నీళ్ళు పాడైపోయాయి. రెల్లుగడ్డ రాజ్యంలో ఏ నూతి నీళ్ళు తాగినా పిల్లలు నిద్రలోకి జారిపోయేవారు. లేపితే లేచేవారు కాదు. రాజవైద్యులు వచ్చి నాడి చూసి, తల వంచుకుని వెళ్ళిపోయేవారు. కొందరు పిల్లలు ఆ నిద్రలోనే పోయారు.

సూరీడు ఏట్లో వల వేసుకుని బతికేవాడు. తల్లీ తండ్రీ లేరు. చెల్లెలు పైడమ్మ ఒక్కతే. ఆ పిల్లకూ నిద్ర పట్టుకుంది. పక్కింటి నూకాలమ్మ మనవడూ అలాగే పడి ఉన్నాడు.

ఏటి మలుపులో ఒక జోగి ఉండేవాడు. సూరీడు వెళ్ళి ఆయన కాళ్ళమీద పడ్డాడు.

"ఈ సీమ నీళ్ళకు ఒక తాబేలు కాపలా," అన్నాడు జోగి. "వరద దాన్ని ఈడ్చుకుపోయింది. అడవికి అవతల ఒక రాక్షసి చేతిలో పడింది. తెచ్చి దాని చోట వదులు. అక్కడ అది తనంతట తాను మేసిందంటే నీళ్ళకు పట్టిన శాపం తీరి పిల్లలు లేస్తారు."

"దాని చోటంటే ఏది సామీ?"

"దాన్ని చూస్తే తెలుస్తుంది. చూడాలి మరి."

"తాబేలుని నాను సూడకపోడవేటి సామీ? రోజూ వల్లో పడతాయి."

సూరీడు ఇంటికొచ్చి దారికి ఎండుచేపలు మూట కట్టుకున్నాడు.

"ఎల్లి రా నాయినా," అంది నూకాలమ్మ. "ఇద్దరికీ కొబ్బరినీళ్ళు పోస్తుంటాను. బేగి రా."

అడవిలో చెట్ల మొదళ్ళకు వరద బురద ఇంకా ఆరలేదు. ఒక్క పిట్ట కూయలేదు. జలగల వాగు దాటేసరికి సూరీడి కాళ్ళు నెత్తురయ్యాయి. కొండసందులో ఎలుగుబంటి అడ్డంగా కూర్చుని ఉంది.

"ఎక్కడికిరా, సేపల కంపోడా?"

"రాక్షసి ఇంటికి. తాబేలు కోసం."

"పేణం మీద ఆశ లేదేటి నీకు?" ఎలుగు నవ్వింది. "ఆ ముసల్ది మనుసుల్ని నవిలి ఊసెస్తాది. తాబేలుని మాత్తరం ఒళ్ళోంచి దింపదు. ఆ మూటలో ఎండుసేపలు ఇటు పడీ. మజ్జానం పూట అది నిద్దరోతాది. అప్పుడెల్లు."

సూరీడు మూట విప్పి ఇచ్చేశాడు.

గుహ ముందు ఎముకల కుప్ప. రాక్షసి గుర్రు పెడుతోంది. దాని ఒళ్ళో బురద పట్టిన తాబేలు ఉంది. కాలికి తాడు. మూతి దగ్గర మాంసం ముక్కలు ముట్టకుండా ఎండిపోయాయి. సూరీడు తాడు కోసి, తాబేలును నెత్తిన పెట్టుకుని పరుగెత్తాడు. వెనక "నా బుజ్జీ!" అని కేక వినబడింది. అడవి అడవంతా వణికింది. అతను ఆగలేదు.

ఏటిగట్టు వాళ్ళకు ఒక అలవాటుంది. నూతి నీళ్ళు చెడితే ఒక తాబేలును తెచ్చి అందులో వదులుతారు. అది పాచి తిని నీళ్ళు శుభ్రం చేస్తుందని వాళ్ళ నమ్మకం. సూరీడికి మరో ఆలోచనే రాలేదు. మర్నాడు పొద్దున్నే ఊరు చేరి, దండం పెట్టి, తాబేలును నూతిలో వదిలాడు. చేపముక్కలు వేశాడు.

"మేయి తల్లీ," అన్నాడు.

తాబేలు మునిగింది. తేలింది. గోడ గోకింది. మళ్ళీ మునిగింది. ఈదుతోందనుకున్నాడు సూరీడు. కొంతసేపటికి గోకడం ఆగిపోయింది. నూకాలమ్మ ఇంట్లోంచి ఏడుపు వినబడింది. మనవడు పోయాడు.

ఆ ఏడుపులోనే నేల అదిరింది. రాక్షసి వచ్చింది. జనం పారిపోయారు. పైడమ్మ లోపల ఉంది కనుక సూరీడు కదల్లేదు.

"నా బుజ్జి ఏదిరా?"

అతను నూతివైపు చూపించాడు. రాక్షసి తొంగి చూసి తల బాదుకుంది.

"నీళ్ళల్లో ముంచీసేవేట్రా సచ్చినోడా! దానికి ఈత రాదురా!"

సూరీడు నూతిలోకి దూకాడు. తాబేలును పైకి తెచ్చాడు. దాని తల వేలాడిపోతోంది. అప్పుడు, మొదటిసారిగా, దాన్ని చూశాడు.

ఏటి తాబేలుకు వేళ్ళమధ్య బాతుకున్నట్టు పొర ఉంటుంది. డిప్ప చదునుగా ఉంటుంది. దీనికి పొర లేదు. కాళ్ళు ఏనుగు కాళ్ళలా పొట్టిగా, గరుకుగా ఉన్నాయి. డిప్ప బోర్లించిన చట్టిలా ఎత్తుగా ఉంది. బురద కడుక్కుపోయి, నల్లటి డిప్పమీద పసుప్పచ్చ చుక్కలు బయటపడ్డాయి.

"ఇది ఏటిది కాదు. మెట్టది," అన్నాడు.

తాబేలు తల కిందికి ఉండేలా వంచి, మెడ మెల్లగా చాపాడు. ముక్కులోంచి నీళ్ళు కారాయి. చాలాసేపటికి గొంతు దగ్గర చర్మం కదిలింది. రాక్షసి కొంగులోంచి మాంసం తీసింది.

"అదేటమ్మా?"

"లేడి గుండికాయ. మెత్తంది. ఎప్పుడెట్టినా తిన్లేదు. అలిగిందనుకున్నాను."

"ఈ కాళ్ళతో పరిగెట్టి లేడిని పడతాదేటి? గడ్డి మేసే జీవం ఇది. నువ్వు పస్తులెట్టేవు, నాను ముంచేను."

రాక్షసి ఆ మాంసం దూరంగా విసిరేసింది. ఇద్దరూ దాన్ని మోసుకుని ఊరి వెనక మెట్టకు వెళ్ళారు. ఎండలో, పొడినేల మీద దించారు. వెడల్పు ఆకులో కొద్దిగా నీళ్ళు పోశారు. తాబేలు కళ్ళు తెరిచి నీళ్ళు తాగింది. కూర్చుంది. మెల్లగా నడిచింది. పల్లేరు తీగ దగ్గర ఆగి, పచ్చటి పువ్వొకటి కొరికింది.

కింద ఊళ్ళో పిల్లల ఏడుపులు మొదలయ్యాయి. ఆకలి ఏడుపులు. సూరీడు పరుగెత్తాడు. పైడమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటన్నియ్యా, ఊరందరూ ఏరి? ఆకలేస్తంది నాకు."

రాక్షసి మెట్టమీదే ఉండిపోయింది. సూరీడు మళ్ళీ వచ్చేసరికి ఇలా అడిగింది.

"ఇక ఒళ్ళో ఎట్టుకోకూడదేట్రా?"

"వొద్దమ్మా. దూరంగా కూకుని సూసుకో."

సాయంత్రం రాజుగారి పల్లకీ వచ్చింది. ఆ మెట్టా, దాని చుట్టూ ఉన్న సీమా సూరీడివేనని, వచ్చి పట్టం కట్టించుకొమ్మని కబురు. బోయీలు వీధిలోనే పడుకున్నారు.

మర్నాడు పొద్దున సూరీడు పల్లకీ ఎక్కలేదు. నూతి నీళ్ళు తోడి, ముందుగా నూకాలమ్మ కడవ నింపాడు. ఆమె తలుపు తీసేదాకా గడప పక్కనే కూర్చున్నాడు.