నోట రాని పేరు

ఆరేళ్లు ఎదురుచూసిన ఉత్తరం చేతికొచ్చింది. కానీ అది చదివిన పుష్పవతి తేదీ దగ్గర ఆగిపోయింది... గడువు రేపటితో సరి! డెబ్భై రెండులో బుక్ చేసిన బుల్లెట్టు మోటారుసైకిలు గురించిన ఉత్తరం అది. బెజవాడ డీలరుకు నెలకు వచ్చేవి మూడంటే మూడే బళ్లు. వరుసలో పేరు వచ్చినవాళ్లు చెప్పిన తేదీలోగా వెళ్లకపోతే బండి తర్వాతివాళ్లది. ఉత్తరమేమో తొమ్మిది రోజులు నందిగామలోనే వీధి వీధీ తిరిగింది. పైన రాసింది తిరుపతిరావు అని. ఆ తిరుపతిరావు ఎవరో ఎవరికి తెలుసు? ఊరందరికీ తెలిసింది బుల్లిబాబే!

ఆ బుల్లిబాబు, పుష్పవతి భర్త, మంచం మీద ఉన్నాడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పదిహేనేళ్లుగా సైకిలు మీద ఊరూరా తిరిగి గొడ్లకు సూదులు వేసిన మనిషి. నెల కిందట, జగ్గయ్యపేట దగ్గర ఈనలేక అవస్థ పడుతున్న గేదెను చూడబోతూ, సున్నపురాయి లారీకి దారి ఇవ్వబోయి గుంటలో పడ్డాడు. ఎడమ మోకాలు ఇక సైకిలు తొక్కనివ్వదని డాక్టరు తేల్చేశాడు. బుల్లెట్టుకైతే కిక్కూ గేర్లూ కుడికాలికే. అది వస్తే కట్టు విప్పాక మళ్లీ ఊళ్లు తిరగగలడు. రాకపోతే ఆసుపత్రి అరుగు మీద కూర్చుని చీటీలు రాసుకోవడమే... అది ఆయన్ని బతికుండగానే చంపేస్తుందని పుష్పవతికి తెలుసు. ఆయన సంతకం పెట్టిన కాగితం, బండి కోసం దాచిన డబ్బు తీసుకుని మర్నాడు అత్తాకోడళ్లిద్దరూ మొదటి బస్సు ఎక్కారు.

అత్తగారు రాఘవమ్మది గట్టి నోరు. పన్నెండేళ్ల కాపురంలో కోడల్ని ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు! అంత నోరున్న మనిషీ ఒక్క మాట దగ్గర మాత్రం మూగదైపోతుంది. కొడుక్కి తన మామగారి పేరు పెట్టారు. మామగారి పేరు కోడలు పలక్కూడదు కనుక పుట్టిన రోజు నుంచీ బుల్లిబాబు అనే పిలిచింది. ఆఖరికి తిరుపతి ప్రయాణమన్నా 'కొండకు' అంటుందే తప్ప ఆ ఊరి పేరు ఎత్తదు. కొత్తకోడలిగా పుష్పవతి ఒకసారి నోరు జారి ఆ ఊరి పేరు అన్నందుకు రెండు రోజులు మాట్లాడలేదు. మొగుడి పేరు పెళ్లాం నోట పడితే ఆయుస్సు తగ్గుతుందని ఆవిడ నమ్మకం.

షోరూములో గుమాస్తా ప్రేమానందం మంచివాడే. కిందటి నెల ఎవరో బ్రోకరు వేరేవాళ్ల ఉత్తరం చూపించి బండి పట్టుకుపోయాడట. అందుకని బదులుగా వచ్చినవాళ్లు ఎవరి తరఫున వచ్చారో అందరి ముందూ నోటితో చెప్పి సంతకం పెట్టాలన్నాడు.

"బుల్లిబాబు," అంది రాఘవమ్మ గర్వంగా.

పుస్తకంలో ఆ పేరు లేదు. ప్రేమానందం మొహం మారింది. తర్వాతి నంబరు వాడైన కాంట్రాక్టరు బెంచీ మీంచి లేచాడు. పుష్పవతి కంగారుగా రాసిస్తానంది. ఒకసారి తప్పు చెప్పారు కనుక ఇప్పుడు పలకాల్సిందేనని లోపలినుంచి వచ్చిన మేనేజరు పట్టుబట్టాడు. ఏడుకొండలవాడి ఊరుందే, దాని చివర రావు చేర్చుకోమంది రాఘవమ్మ. అందరూ నవ్వారు.

"పేరడిగితే ఊరు చెబుతారేంటమ్మా," అన్నాడు ప్రేమానందం జాలిగా.

కాంట్రాక్టరు వెళ్లి బండి సీటు మీద చెయ్యి వేశాడు. పుష్పవతికి ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనిపించలేదు. మంచం మీంచి తనను సాగనంపిన కళ్లు గుర్తొచ్చాయి... ఏమైతే అయిందని నోరు తెరిచింది. అంతలో అత్తగారి అరచెయ్యి వచ్చి ఆ నోటిని మూసేసింది.

"నువ్వు అనొద్దమ్మా. నీ నోట పడితే వాడి ఆయుస్సుకి చేటు. నేనంటా. మా మామగారు పోయి ఇరవై ఏళ్లయింది, ఆయనకి తగ్గడానికి ఇంకేముంది?"

నలభై ఏళ్లుగా నాలుక దాటని పేరు! రాఘవమ్మ కొంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకుంది.

"తిరుపతిరావు," అంది. సరిగ్గా వినిపించలేదేమోనని మళ్లీ గట్టిగా, "మా తిరుపతిరావు. నా కొడుకు," అంది.

తర్వాత గోడవైపు తిరిగి, తప్పు కాయమని మామగారిని వేడుకుంటూ చెంపలు వేసుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మేనేజరే కలం తీసి పుష్పవతి చేతికిచ్చాడు. కాంట్రాక్టరు సీటు మీది చెయ్యి తీసేశాడు.

తిరుగు బస్సు పరిటాల దాటింది. పన్నెండేళ్లు తనను సాధించిన మనిషిలో ఇంత ప్రేమ ఎక్కడ దాగింది? తన పసుపుకుంకుమల కోసం ఆవిడ జన్మంతా కాపాడుకున్న మాట వదిలేసుకుందే...! పుష్పవతి ఆవిడ చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. రాఘవమ్మ వెనక్కి లాక్కోలేదు.

మర్నాడు ప్రేమానందమే బండి నడుపుకుంటూ నందిగామ వచ్చాడు. జరిగిందంతా బుల్లిబాబుకి చెప్పి, మజ్జిగ తాగి వెళ్లాడు. కర్ర ఊతంతో బండి చుట్టూ తిరిగిన బుల్లిబాబు, టాంకు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్లలో తల్లి నోట తన పేరు వినలేదు!

"ఎలా అందే మా అమ్మ? ఒక్కసారి అని చూపించు," అన్నాడు నెమ్మదిగా.

"నేనెలా అంటానండీ..." అంది పుష్పవతి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వి.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"తిరుపతిరావూ, అన్నం చల్లారిపోతోంది. రా నాయనా."

ఆయన కర్ర ఊనుకుని గబగబా గుమ్మంవైపు కదిలాడు. వస్తున్నారత్తయ్యా అని పుష్పవతే బదులు చెప్పింది.